ఆయుర్వేదం, హోమియో, ఇంగ్లీషు మందు: పోల్చే ముందు విడదీయవలసిన మూడు ప్రశ్నలు

రెండో దశ కరోనా విజృంభించి, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడక దొరకడమే గగనమైన 2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం పేరు దేశమంతా వినిపించింది. బొణిగి ఆనందయ్య ఆకులు, దినుసులు, తేనె కలిపి తయారుచేసి ఉచితంగా పంచుతున్న మందు కోసం మే 21న వేలాది జనం ఆ ఊరికి చేరడంతో ప్రభుత్వం పంపిణీని ఆపించి, మందును పరిశీలనకు పంపింది. అది ఆయుర్వేదం కిందికి రాదని, నాటు మందుగానే చూడాలని ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, హోమియో వంటి వైద్యాలను చూసే ఆయుష్ శాఖ అధికారులు అన్నారు. చివరకు మే 31న, కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి, నోటితో తీసుకునే రకాల్లో కొన్నింటి పంపిణీకి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ అనుమతి వెనుక ఉన్న మాటలు రెండే: ఈ మందు వల్ల హాని కనబడలేదు, దీనితో కొవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ కూడా లేదు, కాబట్టి డాక్టర్లు రాసిన మందులు ఎవరూ మానవద్దు.

ఈ రెండు మాటల్లో మొదటిదే జనంలోకి వెళ్లింది. హాని లేదు అన్న మాట ఊళ్లు దాటేసరికి పనిచేస్తుంది అన్న మాటగా మారిపోయింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఆయుర్వేదం గొప్పదా, ఇంగ్లీషు వైద్యం గొప్పదా అన్న చర్చ ఎప్పుడు లేచినా ఇదే చిక్కు ఎదురవుతుంది. ఒక మందు సురక్షితమా అన్నది ఒక ప్రశ్న. అది ఫలానా జబ్బును తగ్గిస్తుందా అన్నది రెండో ప్రశ్న. ఎందుకు తగ్గిస్తుందో ఆ వైద్యం చెప్పే వివరణ సరైనదేనా అన్నది మూడోది. ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి వాడుకున్నంత కాలం ఏ రెండు వైద్య విధానాలనూ న్యాయంగా పోల్చడం సాధ్యం కాదు.

కృష్ణపట్నం వార్తకు సరిగ్గా నాలుగు రోజుల ముందు, మే 17న, మరో సంగతి జరిగింది. అప్పటిదాకా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఇస్తున్న, బంధువులు ఊరూరా తిరిగి దాతలను వెతికి తెచ్చిన ప్లాస్మా చికిత్సను (కొవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తంలోని ద్రవాన్ని రోగికి ఎక్కించడాన్ని) భారత వైద్య పరిశోధన మండలి కొవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించింది. దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై ఆ మండలే జరిపిన పరీక్షలో ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదని అంతకు ముందు ఏడాదే తేలింది. ఆసుపత్రిలో ఇచ్చే ప్రతిదీ రుజువైన వైద్యమే అనుకోవడం కూడా పొరపాటేనని ఆ నెల మన కళ్ల ముందే తెలిసింది. తేడా ఎక్కడుందంటే, ప్లాస్మాను ఎవరో పరీక్షించారు, ఫలితం వ్యతిరేకంగా వచ్చింది, ఆలస్యంగానైనా దాన్ని మానుకున్నారు.

మోకాలి నొప్పికి నాలుగు గడపలు

వైద్య విధానాల మధ్య ఉన్న తేడాను సిద్ధాంతాల పేర్లతో కాక ఒక రోగి ద్వారా చూడటం తేలిక. కనిగిరి ప్రాంతంలో యాభై ఏళ్ల రైతు ఒకరు ఉన్నారనుకుందాం. ఆయనకు మోకాళ్లు పట్టేస్తున్నాయి, పొద్దున లేవగానే నడుము వంగడం లేదు.

ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టుకుని చూస్తాడు, నాలుక చూస్తాడు, ఆకలి, నిద్ర, విరేచనం సంగతి అడుగుతాడు. వాతం, పిత్తం, కఫం అనే మూడు దోషాల సమతూకమే ఆరోగ్యమని, అవి వికటించడమే రోగమని ఆయుర్వేదం చెబుతుంది. చరక సంహిత, సుశ్రుత సంహిత, వాగ్భటుని అష్టాంగ హృదయం ఈ శాస్త్రానికి మూల గ్రంథాలు. తెలుగునాట వైద్యులు బసవరాజీయం అనే వైద్య గ్రంథాన్నీ తరతరాలుగా చదువుకున్నారు. దోషాల మాట వినగానే అంతా ఒకే గాటన కట్టే వైద్యమనుకోకూడదు. అరుగుదల వల్ల వచ్చే సంధిగత వాతం, అజీర్ణంతో పుట్టిన ఆమం కీళ్లలో చేరడం వల్ల వస్తుందనే ఆమవాతం, బొటనవేలి దగ్గర మంటతో మొదలయ్యే వాతరక్తం వేర్వేరు జబ్బులని ఆయుర్వేద గ్రంథాలే విడదీశాయి. వీటి లక్షణాలు ఈనాటి డాక్టర్లు చెప్పే ఆస్టియో ఆర్థరైటిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, గౌట్ లక్షణాలకు చాలావరకు దగ్గరగా ఉంటాయి. మంచం పక్కన కూర్చుని రోగిని గమనించడంలో ఆ వైద్యులు ఎంత నిశితంగా ఉన్నారో చెప్పడానికి ఇది చాలు.

యునానీ హకీం కూడా నాడి చూస్తాడు గాని, ఆయన లెక్కలో ఉన్నవి నాలుగు ద్రవాలు: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. గ్రీకు వైద్యులు హిపోక్రటీస్, గాలెన్ మొదలుపెట్టిన ఈ ఆలోచనను పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా తన గ్రంథంలో క్రోడీకరించాడు; మన రాష్ట్రంలో కర్నూలులో దీనికి కళాశాల ఉంది. తమిళనాట పుట్టిన సిద్ధ వైద్యం మూడు దోషాల మాటలో ఆయుర్వేదానికి దగ్గరిదే అయినా లోహాలు, ఖనిజాలతో చేసిన మందులకు ఎక్కువ చోటిస్తుంది. వైద్యానికి చెన్నై వెళ్లడం అలవాటైన నెల్లూరు వాసులకు ఇది కొత్త పేరేమీ కాదు.

హోమియో డాక్టరు అడిగే ప్రశ్నలు వీటికి భిన్నంగా ఉంటాయి. మొదట కదిపినప్పుడు నొప్పి ఎక్కువై, నడిచేకొద్దీ తగ్గుతోందా? అయితే రస్‌టాక్స్. ఏ మాత్రం కదిలినా పెరుగుతోందా? అయితే బ్రయోనియా. ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ లక్షణాలను పుట్టిస్తుందో, అవే లక్షణాలున్న రోగికి దాన్నే బాగా పలచన చేసి ఇవ్వాలన్నది జర్మనీ వైద్యుడు సామ్యూల్ హానిమన్ 1796లో ప్రతిపాదించిన సూత్రం. ఆయుర్వేదం, హోమియో రెండూ ఆయుష్ అనే ఒకే గొడుగు కింద ఉండటం వల్ల చాలామంది వీటిని అన్నదమ్ములనుకుంటారు. నిజానికి పుట్టిన దేశంలోనూ, కాలంలోనూ, సూత్రంలోనూ, మందు తయారీలోనూ వీటికి పొంతన లేదు.

ఇక ఆధునిక వైద్యుడు ఎక్స్‌రే తీయిస్తాడు, రక్తంలో గౌట్‌ను సూచించే యూరిక్ యాసిడ్, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను సూచించే ఆర్‌ఏ ఫ్యాక్టర్ చూస్తాడు. శరీరంలో ఏ భాగం, ఏ కణజాలం, ఏ రసాయనం దెబ్బతిన్నదో పట్టుకోవడం ఈ వైద్యం పద్ధతి.

నొప్పికి కారణం నూతిలో ఉన్నప్పుడు

పై ఉదాహరణకు కనిగిరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎముకలను పట్టి పీడించే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట గుర్తించింది ఇక్కడే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో పరిశోధన చేసి, నడుములు బిగుసుకుపోయి మంచాన పడుతున్న మనుషులకూ, వారు తాగే నీళ్లలోని ఫ్లోరైడుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, మరో నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

మన రైతుది ఈ జబ్బే అయితే, కషాయం గాని, హోమియో గుళికలు గాని, ఇంజెక్షను గాని ఎముకలో పేరుకున్న ఫ్లోరైడును తీసివేయలేవు. కొంత ఉపశమనం ఇవ్వగలవేమో గాని అసలు చికిత్స నీళ్లు మార్చడమే. ఆయుర్వేదం రోగ మూలాన్ని తీసివేస్తుంది, అల్లోపతి లక్షణాలను అణచివేస్తుంది అని తరచుగా వినే పోలిక ఈ ఊళ్లలో తలకిందులవుతుంది. మూలాన్ని పట్టుకున్నది ఊరూరా రోగులను లెక్కవేసి, బావి నీళ్లను ప్రయోగశాలకు పంపిన పద్ధతి. అయితే ఆ పద్ధతి చదువుకున్న డాక్టరు కూడా రోగి ఎక్కడి నీళ్లు తాగుతున్నాడో అడగకుండా నొప్పి మాత్రలు రాసి పంపితే, అతడు చేసింది లక్షణాలను అణచడమే. ఏళ్ల తరబడి ఆ మాత్రలు మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి ఇంజెక్షన్ల మీద నెట్టుకొస్తున్న కుటుంబాలకు ఈ ప్రమాదం ఎవరైనా విడమరిచి చెప్పడం చాలా అవసరం.

తగ్గింది అంటే మందు వల్ల తగ్గినట్టేనా

పచ్చకామెర్లు రాగానే పసరు మందుకు వెళ్లడం, ఉప్పు, నూనె మాని మజ్జిగన్నంతో పథ్యం చేయడం మన జిల్లాల్లో నేటికీ ఉంది. చాలామందికి తగ్గుతుంది కూడా. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాల కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి, పసరు తాగినవారు, తాగనివారు ఇద్దరూ కోలుకుంటారు. తాగినవారు మాత్రమే కోలుకున్న కథ చెబుతారు. నూరు మందికి పసరు ఇస్తే 98 మందికి తగ్గిందనుకుందాం. ఇవ్వని నూరు మందిలోనూ 98 మందికే తగ్గితే పసరు చేసిన పని సున్నా. రెండో నూరు మందిని చూడకుండా మొదటి నూరు మందిని చూసి చెప్పే మాటకు, అది ఏ వైద్యం వారు చెప్పినా, విలువ లేదు. కొవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేక చికిత్సా లేకుండానే కోలుకున్నారు గనుక ఆ రోజుల్లో ప్రతి ఇంటి చిట్కాకూ సాక్షులు దొరికారు.

ఈ పోలికను నిజంగా చేసి చూసిన కథ ఒకటి పక్కనే చెన్నైలో ఉంది. కామెర్లకు వాడే నేల ఉసిరిని హెపటైటిస్ బీ వైరస్ శరీరంలో తిష్టవేసినవారికి ఇచ్చి, మరికొందరికి మందు లేని ఉత్తి గుళిక ఇచ్చి చూసిన మద్రాసు పరిశోధకుల ఫలితాలు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయింది. ఉత్తి గుళిక తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఈ అంకెలు చూసి ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది, అనేక దేశాల్లో మళ్లీ మళ్లీ పరీక్షించారు. ఆ ఫలితం తిరిగి రాలేదు. సేకరించిన మొక్క రకంలో, కాలంలో, నేలలో తేడా ఉండవచ్చని సమర్థించేవారు అంటారు. మొదటి పరీక్ష చిన్నది, దాన్లోనే లోపం ఉండవచ్చని విమర్శకులు అంటారు. రెండు వాదనల్లోనూ బలముంది గాని, ఒక మందును జనానికి రాయాలంటే ఆ ఫలితం ఇంకొక చోట, ఇంకొకరి చేతిలోనూ నిలబడాలి.

దారం గెలిచిన చోటు

ఆయుర్వేదం ఇలాంటి పరీక్షకు నిలబడదనుకునేవారు భగందరం కథ తెలుసుకోవాలి. మలద్వారం పక్కన పుండై లోపలికి దారి ఏర్పడి, ఎంతకీ మానక చీము కారుతూ వేధించే ఈ ఫిస్టులాకు ఆధునిక వైద్యంలో ప్రధాన చికిత్స కోసి తీసేయడమే. కోసినా కొందరికి మళ్లీ వస్తుంది. ఆయుర్వేదంలో దీనికి క్షారసూత్రం ఉంది. దాన్ని తయారుచేసే తీరు చూడదగ్గది. చట్రానికి బిగించిన నూలు దారానికి ముందు ఆకుజెముడు పాలు ఒక్కటే పదకొండు పూతలు పూస్తారు. ప్రతి పూతా ఆరిన తరువాతే తరువాతిది. ఆపైన జెముడు పాలు, ఉత్తరేణిని కాల్చిన బూడిద నుంచి తీసిన క్షారం కలిపి ఏడు పూతలు. చివర జెముడు పాలు, పసుపు కలిపి మూడు. ఇరవైఒక్క పూతలు పూర్తయిన ఆ దారాన్ని పుండు దారిలోంచి దూర్చి ముడివేసి, వారానికి ఒకసారి కొత్త దారం మారుస్తారు. క్షారం కండను కొద్దికొద్దిగా కోస్తూ పోతుంటే వెనుక నుంచి గాయం మానుతూ వస్తుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1960లలో ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు.

భారత వైద్య పరిశోధన మండలి దీన్ని శస్త్రచికిత్సతో ముఖాముఖి పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించింది. దారం కట్టినవారికి మానడానికి సుమారు 8 వారాలు పట్టింది, ఆపరేషను చేయించుకున్నవారికి 4 వారాలు. అయితే తిరగబెట్టడం ఆపరేషను వారిలో నూటికి 11 మందిలో కనిపిస్తే, దారం కట్టినవారిలో నలుగురిలోనే కనిపించింది. త్వరగా మానాలా, మళ్లీ రాకుండా ఉండాలా అన్నది రోగి తేల్చుకోవలసిన విషయంగా మారింది. రెండు వైద్యాలను పోల్చడం అంటే ఇలా ఉండాలి: ఒక జబ్బు, ఒక చికిత్స, ఎదురుగా మరో చికిత్స, రెండింటి లాభనష్టాలు అంకెల్లో.

పరీక్షలపై ఆయుర్వేదం వైపు నుంచి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఒకే జబ్బున్న ఇద్దరికి, వారి ప్రకృతిని బట్టి మేము వేర్వేరు మందులు ఇస్తాం, అందరికీ ఒకే మాత్ర ఇచ్చి చూసే పరీక్ష మాకు సరిపడదు అంటారు. ఇది కొట్టివేయదగ్గ మాట కాదు. దీనికి జవాబుగా కోయంబత్తూరులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులు 43 మందిపై 36 వారాల పాటు ఒక పరీక్ష జరిగింది. ఫలితాలు 2011లో వచ్చాయి. వైద్యులు ఎవరికి తగిన ఆయుర్వేద మందు వారికి ఎంచుకునే స్వేచ్ఛ అందులో ఉంచారు. కొందరికి ఆయుర్వేద మందు, కొందరికి మెథోట్రెక్సేట్ అనే ఆధునిక మందు, కొందరికి రెండూ ఇచ్చారు. ఎవరికి ఏది అసలు మందో, ఏది ఉత్తిదో రోగికి గాని, చూసే వైద్యుడికి గాని తెలియనివ్వలేదు. మూడు జట్లలోనూ మెరుగుదల దాదాపు సమానంగా ఉంది. 43 మంది మరీ చిన్న సంఖ్య. ఆ పరీక్ష చేసినవారే దీన్ని తొలి ప్రయత్నంగా చెప్పుకున్నారు. అయినా మనిషిని బట్టి మందు మార్చే వైద్యాన్ని కూడా నిజాయితీగా పరీక్షించవచ్చని అది చూపింది. ఇలాంటివి పదింతల పెద్దవి ఎందుకు జరగడం లేదన్నదే నన్ను బాధపెట్టే విషయం. పేటెంటు రాని పాత మందు మీద కంపెనీలు డబ్బు పెట్టవు, కాబట్టి ఆ భారం ప్రభుత్వానిదే అవుతుంది.

ఆ పరీక్షలో ఎదురుగా నిలిచిన మెథోట్రెక్సేట్‌కు తెలుగువారితో చుట్టరికం ఉంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లక ముందు ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధించాడు. రెండు వైద్యాల మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తుగా లేని రోజులవి.

మందు నిజం, వివరణ సంగతి వేరు

సర్పగంధిని మన వైద్యులు నిద్ర పట్టనివారికి, మతి చలించినవారికి ఇచ్చేవారు. దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని చూపుతూ బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో వ్యాసం రాశాడు. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే రసాయనాన్ని వేరుచేశారు. బీపీకి వాడిన తొలి మందుల్లో అది ఒకటయింది. కొందరు రోగుల్లో తీవ్రమైన దిగులు కలిగించడం వల్ల తరువాత వెనకబడింది.

ఇది ఎవరి ఘనత? ఆయుర్వేద అభిమానులు ఇది తమ శాస్త్రానికి రుజువు అంటారు. ఆధునిక వైద్యులు ఇది ఒక మొక్కకు రుజువు, త్రిదోష సిద్ధాంతానికి కాదు అంటారు. నా దృష్టిలో రెండోవారి మాటే తర్కానికి నిలుస్తుంది గాని, వందల ఏళ్లు ఆ వేరును గుర్తుపెట్టుకుని, మోతాదు చూసుకుని అందించినవారి అనుభవం లేకపోతే ప్రయోగశాలకు వెతకడానికి ఏమీ ఉండేది కాదన్నదీ అంతే నిజం. వివరణ తప్పయినా మందు పనిచేయవచ్చు. వివరణ ఎంత అందంగా ఉన్నా మందు పనిచేయకపోవచ్చు.

హోమియో విషయంలో ఈ మూడో ప్రశ్న మరింత పదునెక్కుతుంది. సీసా మీద 30 అని ఉంటే, ఒక వంతు మందును 99 వంతుల ద్రవంలో కలిపి, అందులో ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపి, ఇలా ముప్పైసార్లు చేశారని అర్థం. పన్నెండోసారి దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ముప్పైసార్లకు పలచన లెక్క 1 పక్కన 60 సున్నాలకు చేరుతుంది. నీటికి ఆ పదార్థపు గుణం అంటుకుని ఉంటుందని హోమియో వైద్యులు అంటారు, రసాయన శాస్త్రం ఒప్పుకోదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి ఉన్న పరీక్షలన్నింటినీ సమీక్షించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన ఆధారమున్న జబ్బు ఒక్కటీ లేదని 2015లో తేల్చింది. హోమియో సంఘాలు ఆ సమీక్ష పద్ధతిని తప్పుపట్టాయి. ఓపికగా అరగంట కూర్చుని మాట వినే డాక్టరు వల్ల రోగికి కలిగే ఊరట మాత్రం ఎవరూ కాదనలేనిది, పెద్దాసుపత్రులు పోగొట్టుకున్నదీ అదే.

ఇక్కడ ఆధునిక వైద్యం తన సొంత చికిత్సను కఠినంగా పరీక్షించుకున్న ఒక ఉదాహరణ చెప్పాలి. అరిగిన మోకాలిలోకి చిన్న గొట్టం పంపి శుభ్రం చేసే ఆపరేషనును అమెరికాలో లక్షల మందికి చేసేవారు. 180 మంది రోగులపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో కొందరికి నిజంగా చేసి, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. ఇద్దరికీ నొప్పి ఒకేలా తగ్గింది.

చెట్టు మందుకు దుష్ఫలితాలు ఉండవా

శరీరంపై పనిచేసే శక్తి ఉన్న ఏ పదార్థానికైనా చెడు చేసే శక్తీ ఉంటుంది. రసం (పాదరసం), గంధకం, సీసం వంటివి శుద్ధిచేసి భస్మాలుగా వాడే రసౌషధాలు ఆయుర్వేదంలో ఉన్నాయి. శాస్త్రోక్తంగా శుద్ధిచేస్తే విషగుణం పోతుందని వైద్యులు అంటారు. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు కనబడ్డాయని 2004లో ఒక అధ్యయనం చెప్పింది. కావాలని వేసిన భస్మమా, తయారీలో కలిసిన మురికా అన్నది అంకె ఒక్కటే చెప్పదు గాని, తాగేవాడి మూత్రపిండాలకు ఆ తేడా తెలియదు. వత్సనాభి వంటి విష ద్రవ్యాలున్న ఆయుర్వేద మందులను వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాయడాన్ని మన ఔషధ చట్టం కింద నిబంధనలు ఎప్పుడో తప్పనిసరి చేశాయి. ఈ శాస్త్రం తెలిసినవారెవరూ దీన్ని హాని లేని వైద్యంగా ఎన్నడూ భావించలేదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

కరోనా కాలంలో రోజూ తిప్పతీగ కషాయం తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. అది తిప్పతీగ కాకపోవచ్చని, దానిని పోలిన మరో తీగ అయివుండవచ్చని ఆయుష్ శాఖ వాదించింది. తరువాత వేర్వేరు నగరాల వైద్యులు మరిన్ని కేసులు చూపారు. పెరట్లోని తీగ ఏదో సరిగ్గా పోల్చుకోలేని ఇంట్లో ఆ వాదనలో ఎవరు గెలిచినా ప్రమాదం తప్పదు. కీళ్లనొప్పుల పొడుల్లో గుట్టుగా స్టెరాయిడ్లు కలిపి అమ్మిన ఉదంతాలు దేశంలో అనేకసార్లు బయటపడ్డాయి; మూడు రోజుల్లో లేచి తిరిగేలా చేసే పొడిని అనుమానించడానికి ఇదే కారణం.

పోలికకు తావులేని పాముకాటు

అన్ని వైద్యాలకూ చెరో సగం మార్కులు వేయడం సమదృష్టి కాదు. పొలాల్లో రక్తపింజరి, నాగుపాము, కట్లపాము, చిన్నపింజరి కాట్లకు విరుగుడుగా నిలబడేది గుర్రాల రక్తం నుంచి తయారయ్యే యాంటీ వీనమ్ ఇంజెక్షను ఒక్కటే. పసరుతో బతికినవారున్నారంటే, కరిచే పాముల్లో చాలావాటికి విషం లేకపోవడం, విషసర్పం కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండా కరవడం అందుకు కారణం. కట్లపాము కాటు నిద్రలో చీమ కుట్టినట్టుంటుంది. రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆగేదాకా ఇంట్లో తెలియదు. ఆయుర్వేదంలో విషచికిత్సకు అగద తంత్రం పేరుతో ప్రత్యేక శాఖే ఉంది. అయినా ఈనాడు ఆయుర్వేద పట్టా పుచ్చుకున్న బాధ్యతగల వైద్యుడు పాముకాటు రోగిని తన దగ్గర ఉంచుకోడు, ఆసుపత్రికి పంపుతాడు.

చట్టం గీసిన గీతలు

కొత్త ఆధునిక మందు మార్కెట్లోకి రావాలంటే మనుషులపై దశలవారీ పరీక్షలు దాటాలి. ఆయుర్వేద మందు విషయంలో, 1940 నాటి ఔషధ చట్టం జాబితాలో చేర్చిన ప్రామాణిక గ్రంథాల్లోని యోగాన్ని, అంటే మందు కూర్పును, అందులో చెప్పినట్టే తయారుచేస్తే, అలాంటి కొత్త పరీక్ష లేకుండానే లైసెన్సు వస్తుంది. అంటే ప్యాకెట్టు మీద లైసెన్సు నంబరు ఉండటం మందు తయారీకి అనుమతి ఉందనే చెబుతుంది, ఫలానా జబ్బు తగ్గినట్టు రుజువైందని చెప్పదు. 1954 నాటి మరో చట్టం మధుమేహం, క్యాన్సర్ సహా 54 రకాల జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది.

అన్నింటికంటే వేడెక్కిన వివాదం శస్త్రచికిత్సది. ఆయుర్వేదంలో శల్య (శస్త్రచికిత్స), శాలాక్య (కన్ను, చెవి, ముక్కు, గొంతు) విభాగాల్లో పీజీ చేసినవారు 58 రకాల ఆపరేషన్లు చేయవచ్చని 2020 నవంబరులో కేంద్ర నోటిఫికేషన్ వచ్చింది: 39 సాధారణ శస్త్రచికిత్సలు, 19 కన్ను, చెవి, ముక్కు, గొంతు, దంతాలకు చెందినవి. భారత వైద్య సంఘం డిసెంబరు 11న దేశవ్యాప్తంగా అత్యవసరం కాని సేవలు నిలిపి నిరసన తెలిపింది. మత్తుమందు, ఇన్ఫెక్షన్ నివారణ, అత్యవసర చికిత్స అన్నీ ఆధునిక వైద్యానివే అయినప్పుడు ఆ శిక్షణ పూర్తిగా లేకుండా కత్తి పట్టడం ప్రమాదమని వారి వాదన. సుశ్రుతుడి కాలం నుంచి శస్త్రచికిత్స తమదేనని, కళాశాలల్లో ఏళ్లుగా చేస్తున్నవాటికే ఇది స్పష్టత ఇచ్చిందని, గ్రామాల్లో సర్జన్లు లేని లోటు కొంత తీరుతుందని రెండోవైపు వాదన. సుశ్రుత సంహితలో కంటి శుక్లాన్ని చూపుకు అడ్డు లేకుండా పక్కకు నెట్టే విధానమూ, తెగిన ముక్కును చర్మంతో తిరిగి అతికించే విధానమూ ఉన్న మాట నిజం. కానీ నేటి రోగి భద్రతను రెండు వేల ఏళ్ల నాటి గ్రంథం గాని, సంఘాల పట్టుదల గాని నిర్ణయించలేవు. ఆ 58లో ఏ ఆపరేషను ఎవరి చేతిలో ఎన్ని జరిగింది, ఎంతమందికి చీము పట్టింది, ఎంతమందిని పెద్దాసుపత్రికి తరలించవలసి వచ్చింది అన్న వివరాలను ఆయుర్వేద ఆసుపత్రులూ, ఆధునిక ఆసుపత్రులూ ఒకే నమూనాలో రాసి బయటపెడితే, క్షారసూత్రం విషయంలో జరిగినట్టే ఈ వాదనలో ఒక్కొక్క ఆపరేషనుకూ విడివిడిగా జవాబు దొరుకుతుంది.